మెడ దాకా గుండీలు

అర్ధవీడులో గొర్రెలు కాచిన మా చిన్నాయన ఎంత ఎండలోనైనా చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకొనేవాడు. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికాడు. ఊరందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆయన రొమ్ములో రాచపుండు లేచింది. ఇప్పుడు క్యాన్సరంటున్నారు. నేనే కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాను. చీర కట్టుకొని ఆడవాళ్ల వార్డులో పడుకుంటేనే చూస్తామన్నారు. ఆయన కదల్లేదు. ఇద్దరు నౌకర్లు చేతులు విరిచిపట్టి చొక్కా చించబోతే, ఒకడి ముంజేయి నెత్తురొచ్చేలా కొరికాడు. మమ్మల్ని మెట్ల మీద నుంచి నెట్టేశారు.

ఇంటికొచ్చాక, గొర్రెలకు వాతలు పెట్టే ఇనుపకడ్డీని పొయ్యిలో పెట్టాడు. బొచ్చు కత్తిరించే కత్తెరతో పుండు మీద చొక్కాకు రూపాయి బిళ్లంత కన్నం చేశాడు. గుండీ ఒక్కటీ తియ్యలేదు.

"గొర్రెకు పెట్టే చెయ్యే గదరా. పెట్టు."

"నా వల్ల కాదు చిన్నాయనా."

"అయితే నన్ను తీసకపోయి వాళ్ల చేతిలోనే పెట్టు."

వాత పెట్టాను. ఆయన అరవలేదు. నేను అరిచాను.

నెల తిరక్కుండానే పోయాడు. కడగడానికొచ్చినవాళ్లు గుండీల మీద చెయ్యి వేస్తే, ఆ కడ్డీ ఎత్తి అందరినీ బయటికి తరిమాను. ఆ చొక్కాతోనే పూడ్చాం. అంతకుముందు, ఆ కన్నానికి మాసిక నేనే వేశాను.