బందు రోజు మందుల కోసం పరుగు

తెలంగాణ ఉద్యమ కాలంలో నేను సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాణ్ని. రోజూ తెల్లవారగానే కాలేజీ మైదానంలో వంద మీటర్ల పరుగు సాధన చేసి, ఇంటికొచ్చి నానబెట్టిన శనగలు, ఉడకబెట్టిన గుడ్లు తినేవాణ్ని.

ఒక బందు రోజు అమ్మకు ఆయాసం ముంచుకొచ్చింది. పీల్చే మందు అయిపోయింది. ఆటోలు లేవు. మందుల దుకాణానికి పరుగెత్తాను. వంద మీటర్ల పరుగుకే అలవాటైన కాళ్లు కదా, సగం దారిలోనే పిక్కలు పట్టేశాయి. అయినా ఆగలేదు.

చౌరస్తాలో ధర్నా చేస్తున్నవాళ్లు ఆపారు. “ఏమైందన్నా, గిట్ల ఉరుకుతున్నవ్?”

“అమ్మకు దమ్ము ఆడ్తలేదు. మందు గావాలె.”

వాళ్లే దుకాణదారుణ్ని పిలిపించి, మూసిన షట్టర్ తీయించారు.

మందు పీల్చాక అమ్మ ఊపిరి నెమ్మదించింది. కుంటుతున్న నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని, నా పిక్కలకు నూనె రాసింది.