మరియమాత హుండీలో మా కారు తాళంచెవి

మా నాన్న కారు అద్దాన్ని రోజుకు రెండుసార్లు తుడిచేవాడు. పొద్దున్నే కాఫీ తాగి ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి. పాత పేపరు తడిపి, గుండ్రంగా తిప్పుతూ, చెయ్యి నొప్పెట్టేదాకా తుడిచేవాడు. తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, ఇంకా మసగ్గానే ఉందనేవాడు. ఆ మసక అద్దం మీద లేదని బెజవాడ మాచవరంలో మా వీధి వీధంతటికీ తెలుసు, ఆయనకి తప్ప.

ఇది డెబ్బైల నాటి మాట. నాన్న కాలవల డిపార్టుమెంటులో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా సైకిలు మీద, కాలవగట్ల మీదే గడిచింది. రిటైరయ్యాక ఇంటికి పైకప్పు బాగుచేయించమని అమ్మ పోరుతుంటే, ఈయన పామర్రు వెళ్ళి ఒక రైసుమిల్లు ఆసామి దగ్గర పాత కారు కొనుక్కొచ్చాడు. దానికి ఒకటే తాళంచెవి. డోర్లకీ, డిక్కీకీ, స్టార్టు చెయ్యడానికీ అదే. రెండోది ఏదని అడిగితే ఆ ఆసామి, బండి ఒకటేగా, ఒకటి చాలదా అన్నాడట. ఆ మాట నాన్నకి తెగ నచ్చింది. ఆ ఒక్కటీ పోకుండా కొండపల్లి నించి వేలెడంత ఆకుపచ్చ కొయ్య చిలకని తెచ్చాడు. దాని తోకకి చిల్లి పొడిపించి, గాలపు దారంతో ముడి మీద ముడి వేసి తాళంచెవికి కట్టాడు. ఎక్కడికెళ్ళినా ఆ చిలకని వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతూ వెళ్ళేవాడు. ఆయన్ని పేరుతో ఎరగనివాళ్ళు కూడా చిలకతో ఎరుగుదురు.

నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. బీయీడీ సెలవుల్లో కాలవగట్టు మీదే నేర్పాడు. గట్టు మీద నేర్చుకున్నవాళ్ళకి రోడ్డు మీద భయమేముంటుందని ఆయన వాదన. లైసెన్సు కూడా వచ్చింది. బెజవాడలో అప్పటికి కారు నడిపే ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేనూ ఆ లెక్కలో చేరానని నాలుగిళ్ళలో చెప్పుకున్నాడు కూడా. కాని ఆ తర్వాత స్టీరింగు దగ్గరికి రానిస్తే ఒట్టు. నేనుండగా నీకెందుకమ్మాయ్ శ్రమ అనేవాడు. లైసెన్సు బీరువాలో చీరల కింద, నేను వెనక సీట్లో. నాకు ఒళ్ళు మండిపోయేది.

మంట నడపనివ్వనందుకు మాత్రమే కాదు. ఆయన చూపు రోజురోజుకీ తగ్గుతోంది. కరెంటు స్తంభాన్ని పక్కకి జరగమని హారన్ కొట్టడం నేను చూశాను. ఎదురింటావిడ అనుకుని వాళ్ళ అరుగు మీద ఆరేసిన చీరకి నమస్కారం పెట్టడం అమ్మ చూసింది. శుక్లాలేమో, ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకోమని ఇద్దరం చెప్పి చెప్పి అలిసిపోయాం. కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి, కారు అద్దమే మార్చాలి అనేవాడు. కిందపడ్డా పైచేయి నాదే అనే రకం. కారు ఆపేస్తే ఆ మనిషి కుంగిపోతాడని అమ్మకీ తెలుసు, ఆపకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ రెంటి మధ్య నలిగిపోయేది.

మా ఇంట్లో ఇంకో తంటా ఉంది. నాన్న ప్రొటెస్టెంటు, అమ్మ క్యాథలిక్కు. ఆయన చర్చి అంటాడు, ఆవిడ గుడి అంటుంది. ఎవరి దారి వారిదని పెళ్ళికి ముందే ఒప్పందం. కాని ఆదివారం అమ్మని గుణదల మరియమాత గుడికి తీసుకెళ్ళాలి గనుక ఆయనా వచ్చేవాడు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుంటే, నాన్న మాత్రం వెనక గోడవారనున్న బెంచీ మీద కూర్చుని, ఫాదర్ గారి ప్రసంగంలో తప్పులు వెతుక్కునేవాడు. ఆయన నోరు కాయడానికి అమ్మ నన్ను పక్కన కాపలా పెట్టేది. ఇక మొక్కులూ ముడుపులూ అంటే ఆయనకి అస్సలు గిట్టదు, దేవుడికి లంచమేమిటనేవాడు. అందుకని అమ్మ మొక్కులన్నీ ఆయన చెవిన పడకుండానే తీరిపోయేవి.

ఆ ఏడు గుణదల పండగ ముందురోజు పామర్రులో మా దగ్గరివాళ్ళ పెళ్ళికి వెళ్ళాం. వచ్చేటప్పుడు వాళ్ళు డిక్కీలో ఒక చక్రకేళి అరటిగెల పెట్టి పంపారు. పొద్దు వాలుతోంది. దారిలో ఒకచోట ముందున్న గడ్డిబండి ఎంతకీ పక్కకి తప్పుకోవడం లేదని నాన్న హారన్ మీద చెయ్యి తియ్యలేదు. బండివాడికి పొగరంటూ వాడి తాతముత్తాతల్ని కూడా తలుచుకున్నాడు. నేను వెనక సీట్లోంచి మెడ సాచి చూశాను. అది బండి కాదు, రోడ్డు వారన వేసిన గడ్డివాము. ఆ మాట చెప్పేలోపే ఆయన కోపంగా స్టీరింగు పక్కకి తిప్పి ముందుకి పోబోయాడు. ముందు చక్రం గట్టు దిగింది. కారు పక్కనే ఉన్న కాలవ వైపు ఒరిగి, ఒక తుమ్మ మొద్దుకి ఆనుకుని ఆగింది.

పొలాల నించి వస్తున్న కూలీలు పరుగున వచ్చి, మమ్మల్ని దింపి, కారుని పైకి తోశారు. అమ్మ జపమాల పట్టుకుని కళ్ళు మూసుకుంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. నాన్న జేబులోంచి రుమాలు తీసి కారు అద్దం తుడుస్తున్నాడు. కాలవలు నాకు కొత్తా అంటూ, తుమ్మ మొద్దు లేకపోయినా ఏమయ్యేది కాదంటూ కూలీలకి నచ్చజెబుతున్నాడు. ఇల్లు చేరగానే ఎవరి మూలకి వాళ్ళం చేరాం. డిక్కీలో గెల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మర్నాడు పండగ. ఆ జనంలో కారు కదలదని నాన్న ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ ఇరుగుపొరుగుతో కలిసి నడిచి వెళ్ళి, కొండెక్కి దణ్ణం పెట్టుకుని వచ్చింది. ఆ తర్వాతి రోజు చూస్తే, క్యాలెండరు కింద మేకుకి ఉండాల్సిన చిలక లేదు.

ఇల్లంతా తిరగేశాం. నాన్న చొక్కాలు దులిపాం, దిండు గలీబులు విప్పాం. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికాం. అమ్మ అందరికన్నా ఎక్కువగా వెతికింది. వెతికిన చోటే మళ్ళీ మళ్ళీ వెతికింది. ఈలోపు వీధిలో ఎండకి మాగుతున్న కారులోంచి మొదట కమ్మటి వాసన, ఆ తర్వాత అంత కమ్మగా లేని వాసన రావడం మొదలైంది.

చివరికి నాన్న ఒన్‌టౌన్ నించి తాళాల మేస్త్రిని రిక్షాలో తీసుకొచ్చాడు. కొత్త చెవి ఒకటి చేయిస్తే సరిపోయేది. ఉహూఁ, తాళాలు మొత్తం మార్చాల్సిందే అన్నాడు. పాతది దొరికినవాడు కారెత్తుకుపోతే ఏంగాను అని ఆయన భయం. ఎత్తుకుపోయేవాడు తొయ్యడానికి నలుగుర్ని వెంటేసుకుని రావాలి అంది అమ్మ. మేస్త్రి అదేమీ పట్టించుకోకుండా పనిలో పడ్డాడు. ఇంకా పళ్ళు కొయ్యని బోసి చెవికి దీపం మసి పట్టించి తాళంలో తిప్పడం, గీతపడ్డ చోట ఆకురాయితో రాకడం, మళ్ళీ తిప్పడం. తెరిచాక తాళాలు ఊడదీసి లోపలి ఇత్తడి రేకులు మార్చాలట. డిక్కీ తెరుచుకున్నప్పుడు చుట్టూ చేరినవాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు. గెల నల్లగా నీరైపోయి ఉంది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అరటిపళ్ళకి ఏడుస్తారా ఎవరైనా అని నాకు వింతగా అనిపించింది.

మేస్త్రి కబుర్లపోగు. రాకుతూ రాకుతూ అన్నాడు, "పోయిన తాళాలు ఎక్కడికీ పోవండీ బాబుగారూ. సగం కొంపల్లో ఇంట్లోవాళ్ళే దాచేస్తారు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మేస్త్రి గారికి కాఫీ తెస్తానని అమ్మ గబగబా లోపలికెళ్ళింది. కాఫీ గ్లాసు అప్పటికే ఆయన పక్కన పొగలు కక్కుతోంది. నేను ఆవిడ వెనకే వంటింట్లోకి నడిచాను. అడగకముందే చెప్పేసింది.

"మీ నాన్నని కాలవకివ్వకుండా నాకు వదిలిపెడితే, ఆ బండి తాళం నీకే ఇచ్చేస్తానమ్మా అని మరియమ్మ తల్లికి మొక్కుకున్నానే. ఆవిడ వదిలింది, నేను ఇచ్చేశాను."

రుమాల్లో రూపాయి బిళ్ళతో కలిపి ముడుపు కట్టి, పండక్కి పెట్టిన పెద్ద హుండీలో వేసేసిందట. చిలకని విడదీసి ఇంట్లో ఉంచుదామని చూసిందిగాని, నాన్న వేసిన ముళ్ళు ఎంతకీ రాలేదట. గెల సంగతి మొక్కుకునేటప్పుడు తోచలేదట. తాళంచెవి పోతే కారు పోయినట్టేనని ఆవిడ లెక్క. బెజవాడలో తాళాల మేస్త్రులుంటారని మరియమాతకి తెలిసే ఉంటుందిగాని, అమ్మకి తోచలేదు. నాకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. బయట ఆకురాయి చప్పుడు ఆగింది. నాన్నకి నిజం చెప్పేద్దామని నేనూ, చెబితే మొక్కు చెడుతుందని ఆవిడా గుసగుసగా పోట్లాడుకుంటూ ఉండగానే, ఆయన కొత్త తాళంచెవిని వేలికి తగిలించుకుని లోపలికొచ్చాడు. చిలక లేక వెలితిగా ఉందన్నాడు.

ఆదివారం నాడు కొత్త తాళంచెవితో గుణదల బయల్దేరాం. నాన్న పెళ్ళికొడుకులా ఉన్నాడు. అద్దం తుడిచాడు, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. రైలు గేటు దగ్గర కారు వేగం తగ్గలేదు. గేటండీ అని అమ్మ సన్నగా అంది. బ్రేకు పడి, కారు గేటు కమ్మీకి జానెడు దూరంలో ఆగింది. చూశాను అన్నాడు నాన్న. ఆయన చూడలేదని నాకు తెలుసు. ఈ రోజే ఏదో ఒకటి తేలిపోవాలి, ఇంటికెళ్ళగానే నేనే చెప్పేస్తాను అని వెనక సీట్లో గట్టిగా అనుకున్నాను.

ఆ శ్రమ నాకు లేకుండాపోయింది. పూజ అయ్యాక ఫాదర్ గారు పెళ్ళి ప్రకటనలు చదివి, ఇంకో చిన్న విషయం అన్నారు. పండగ హుండీ తెరిస్తే, ఎవరిదో ముడుపులో పొరపాటున తాళంచెవి కూడా వచ్చిందట. పాపం ఎంత వెతుక్కుంటున్నారో, ఎవరిదైతే వారు వచ్చి తీసుకోవచ్చని, దాన్ని అందరికీ కనపడేట్టు పైకెత్తి పట్టుకున్నారు. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆకుపచ్చ చిలక అటూ ఇటూ ఊగింది.

హుండీలో వేసింది కాలవలో వేసినట్టేనని అమ్మ నమ్మకం. అది తిరిగొస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ముందు వరసలో చాప మీద కూర్చున్న అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. చిలకని ఎరిగినవాళ్ళంతా ఒక్కొక్కరే వెనక్కి తిరిగి మా బెంచీ వైపు చూడసాగారు. నాన్న లేచి అరుస్తాడనుకున్నాను, మొక్కుల మీద ఫాదర్ గారికే ప్రసంగం చెబుతాడనుకున్నాను.

నాన్న నవ్వుతూ నా వైపు వంగాడు.

"ఎవరో మనలాంటి దురదృష్టవంతులే. దానికేదో వేలాడుతోంది, ఏంటమ్మాయ్ అది?"

అంతమందికి కనిపిస్తున్నది ఆయనకి కనపడలేదు. తన చేత్తో ముళ్ళు వేసుకున్నది, రోజూ వేలికి తిప్పుకున్నది. ఇంటికెళ్ళి చెబుదామనుకున్న మాటలన్నీ అప్పుడే ఎటో పోయాయి. ఆయన మీద అంత ప్రేమ, అంత జాలి నాకు ఎప్పుడూ కలగలేదు.

"చిలక, నాన్నా. మన కొండపల్లి చిలక."

ఆయన మళ్ళీ చూశాడు. ఏనాటిదో పాత కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, పెట్టుకుని చూశాడు. నవ్వు మెల్లిగా పోయింది. ముందు వరసలో కొంగు చాటున ఉన్న అమ్మ వైపు తిరిగి, చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత లేచాడు. ఇన్నేళ్ళలో ఆ వెనక బెంచీ దాటి ఎరగని మనిషి, అందరి మధ్య నించీ ముందుకి నడిచి వెళ్ళి, చెయ్యి చాచి తాళంచెవి తీసుకున్నాడు. ఫాదర్ గారికి నమస్కారం పెట్టాడు. అక్కడే నిలబడి, గాలపు దారం ముళ్ళని పంటితో కొరికి చిలకని విడదీశాడు. పాత తాళంచెవిని పక్కనున్న హుండీలో వేసేశాడు.

అమ్మ దగ్గరికి వచ్చి, "ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదుగా" అన్నాడు. ఆవిడ తల ఊపింది.

బయటికొచ్చాక కారు దగ్గర నిలబడి కొత్త తాళంచెవికి చిలకని కట్టాడు. ముడి సరిగా పడలేదు, వేళ్ళు తడుముకుంటున్నాయి. నేను సాయం చెయ్యబోతే వద్దన్నాడు. కట్టడం అయ్యాక దాన్ని నా చేతిలో పెట్టి, కారు చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు. అమ్మ వెనక సీట్లో, నా చోట్లో.

నేను నడుపుతుంటే ఆయన పాదం లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. రైలు గేటు మళ్ళీ వేసి ఉంది. చాలా ముందుగానే ఆపాను. బండి ఆగగానే అలవాటు కొద్దీ సీటు కింద నించి పాత పేపరు తీసి, దిగి, అద్దం దగ్గరికి వెళ్ళాడు. ఒకసారి రుద్దాడు. తర్వాత చెయ్యి ఆపేసి, వేలితో అద్దాన్ని ఒక చివర నించి ఇంకో చివర దాకా మెల్లిగా తడిమాడు. పేపరు మడిచి వచ్చి కూర్చున్నాడు.

"అద్దం శుభ్రంగానే ఉందమ్మాయ్," అన్నాడు.

గేటు తీశారు. నేను బండి కదిపాను.