పసుపు రాసుకున్న మడమ

గురవమ్మ నోరు తెరిచిందంటే గొర్రెలు కూడా మేత ఆపేస్తాయని పుల్లలచెరువు పక్క పల్లెల్లో అంటారు. అననీ. చిన్నప్పటి నుంచి నల్లమల అంచున రాళ్లలో, ముళ్లలో గొర్రెల వెంట తిరిగిన మనిషి. మొగుడు అంకయ్యకు నడుం పడిపోయినాక మందనంతా ఒక్కతే కాచుకొస్తోంది. ఆమెకున్న ఆస్తల్లా ఆ కాళ్లే.

ఆ కాలికే వచ్చింది రోగం. ఎడమ మడమ కింద నల్లమచ్చ. ముల్లు విరిగిందేమోనని పిన్నీసుతో గెలికింది, జీడిగింజ కాల్చి చురక పెట్టింది. మచ్చ పోలేదు సరికదా, అంచులు చెదిరి ఇంకా పెద్దదైంది.

అప్పుడే ఊరి ఆసుపత్రి నర్సు నాగజ్యోతి ఇంటింటికీ చెప్పిపోయింది. "ఒంటి మీద మానని పుండు, పెరిగే మచ్చ ఉంటే రాండి. చర్మానికి కూడా క్యాన్సరు వస్తాది. ఫోన్లో ఫోటో తీసి పంపిస్తే పట్నంలో పెద్ద డాక్టరు చూస్తాడు."

పెద్ద డాక్టరుకు కాలు చూపించడమంటే మాటలా! మురికి కాలు ఎట్ల చూపిస్తాం ఆయనకు? గురవమ్మ తెల్లారే లేచి తలకు పోసుకుని, పండక్కి రాసుకున్నట్టు పాదాలకు దిట్టంగా పసుపు పట్టించింది. ఆసుపత్రి వరండాలో జనం బారులు తీరి ఉన్నారు. నాగజ్యోతి "కాలెత్తు పెద్దమ్మా" అని టక్కున ఒక ఫోటో కొట్టి తర్వాతి మనిషిని పిలిచింది. పసుపేందని అడగలేదు. తుడవమనలేదు. సాయంత్రానికి జవాబు వచ్చింది: పగుళ్లు, భయం లేదు, పూతమందు చాలు.

బతికిపోయినా అనుకుని గురవమ్మ ఎండాకాలమంతా ఆ మందే పూసింది. వానలు పడేసరికి మచ్చ చిట్లి రక్తం కారుతోంది. అడుగు వేస్తే ప్రాణం పోతోంది.

కుంటుకుంటూ మళ్లీ ఆసుపత్రికి పోయింది. నాగజ్యోతి ఫోను చూసి, "నీది చూసేసినారు గదా పెద్దమ్మా, పగుళ్లే అన్నారు" అంది.

"ఏం చూసినారో నాకూ చూపించు!"

ఫోనులో పచ్చని పాదం, పెళ్లికూతురి కాలు మాదిరి. మచ్చ జాడే లేదు. గురవమ్మకు ఒళ్లు మండిపోయింది. తన మీద మండింది, ఆ ఫోను మీద మండింది, ఎదురుగా నిలబడిన నర్సు మీద అంతకన్నా మండింది.

"నేనంటే గొర్రెలు కాచేదాన్ని, నాకు తెలీదు. నీకేమొచ్చింది? పసుపు తుడవమని ఒక్క మాట అనడానికి నోరు పడిపోయిందా?"

కుళాయి కింద కూర్చుని, నొప్పికి పళ్లు కొరుకుతూ మడమ రుద్ది రుద్ది కడిగింది. తడికాలు తెచ్చి నాగజ్యోతి బల్ల మీద పెట్టింది.

"తియ్యి ఇప్పుడు!"

ఫోటో పోయిన కాసేపటికి డాక్టరే వీడియోలోకి వచ్చినాడు. కాలు చూస్తూనే ఆయన మొహం మారిపోయింది.

"వెంటనే తీసుకురండి. క్యాన్సరని అనుమానం, ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. అమ్మా, గజ్జల్లో గడ్డ ఏమన్నా తగులుతోందా?"

గురవమ్మ చీర మీది నుంచే తడుముకుంది. "ఉంది సారూ. చింతగింజంత. పసుపు రాసుకొచ్చినప్పుడు లేదు."

"రోగం కాలి నుంచి పైకి పాకిందేమో. ఇవాళే బయల్దేరండి" అన్నాడాయన. నాగజ్యోతి కళ్ల నీళ్లు పెట్టుకుని "తప్పైపోయింది పెద్దమ్మా" అంది.

"ఏడుపు తర్వాత ఏడువు. వరండాలో కాలి పుండుతో సుబ్బులమ్మ కూర్చోనుంది, చూసినావా? అది కూడా కాళ్లకు పసుపు రాసుకునే వచ్చింది. పో, నీ చేత్తో కడిగి తియ్యి."