వియన్నా పోని శాంతయ్య

అమరచింతలో శాంతయ్య నేసిన చీరకు వంక పెట్టినవాళ్లు లేరు. 2006లో వియన్నా నగరంలో చేనేత ప్రదర్శన ఉందని, నేసి చూపించే మనిషి కావాలని కబురొచ్చింది. అతనికి పని ఇచ్చే చీరల సేటు రాఘవేందర్ శాంతయ్య పేరే రాసి పంపాడు.

హైదరాబాదు నుంచి ప్రయాణపు జాగ్రత్తల కాగితాలు వచ్చాయి. శాంతయ్య మగ్గంలో అటూ ఇటూ నాడె ఆడిస్తూనే వాటిని కంఠతా పట్టాడు. అక్కడ బండ్లు కుడిపక్కన నడుస్తాయి. నల్లా నీళ్లు తాగొచ్చు. ఆదివారం దుకాణాలు మూస్తారు, శనివారమే రొట్టె తెచ్చుకోవాలి. ఆపదొస్తే 112కు ఫోన్ చేయాలి. ట్రాము టికెట్టు కొంటే చాలదు, మిషన్లో పెట్టి ముద్ర వేయించాలి, లేకుంటే జరిమానా.

భార్య యాదమ్మ పరీక్ష పెట్టేది. “టికెట్టు కొన్నంక ఏం జేస్తవ్?”

“ముద్ర ఏపిస్త.”

నెల రోజులుందనగా సేటు పిలిచాడు. “నీకు ఇంగ్లీషు రాదు, ఆడ పరేషాన్ అయితవ్. మా అల్లుడు విజయ్ పోతడు. నాడె ఎట్ల ఇసరాల్నో జర నేర్పు.”

“ఆయనకు మగ్గం తెల్వదు గద సేటూ?”

“సూసెటోళ్లకు తెలుస్తదా ఏంది?”

విజయ్ వచ్చి మగ్గంలో కూర్చుని నాలుగు పోగులు తెంపాడు. “కాయితాలు సదివే టైము లేదు, నోటితోని జెప్పు” అన్నాడు. శాంతయ్య ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. టికెట్టు దగ్గర ఆగాడు.

“కొని జేబుల పెట్టుకో. గంతే.”

వియన్నాలో మూడోరోజే తనిఖీవాళ్లు విజయ్‌ను పట్టుకున్నారు. వెంట ఉన్న వేరే ఊళ్ల నేతగాళ్లందరి ముందు ట్రాము దింపి జరిమానా వేశారు. ముద్ర సంగతి కాగితాల్లోనే ఉంది కదా అని ఆ నేతగాళ్లు నవ్వారట.

విజయ్ తిరిగొచ్చిన మర్నాడే మామా అల్లుళ్లు శాంతయ్య ఇంటికి వచ్చారు.

“మర్సిపోయినవా, కావాల్నని జేసినవా?” సేటు అడిగాడు.

మరిచిపోయానంటే సరిపోయేది. శాంతయ్య తలెత్తి, “కావాల్ననే” అన్నాడు.

“పోగులు నావి” అంటూ సేటు అల్లుడి చేతికి కత్తెర ఇచ్చాడు. సగం నేసిన చీరను విజయ్ అడ్డంగా కోశాడు. యాదమ్మ ఏడుస్తూ కాళ్లు పట్టుకుంటే, పక్కకు తోసి, కోసింది చంకన పెట్టుకుని పోయాడు.

ఆ తరువాత అమరచింతలో గానీ గద్వాలలో గానీ శాంతయ్యకు నూలు ఇచ్చిన సేటు లేడు. ఆ వేసవిలో మగ్గాన్ని పొయ్యి కట్టెల కింద అమ్మేశారు.

“ఒక్క అబద్ధం ఆడితే మగ్గం మిగిలేది గదయ్యా” అంది యాదమ్మ.

శాంతయ్య మర్నాడు కొత్తకోటలో లారీలు ఆగే దాబాకు పోయి, గిన్నెలు తోమే పనిలో కుదిరాడు.