ఎల్క్‌కు కళ్ళు పెట్టిన రాజేశం

రాజేశానికి పక్కవాడి కంచంలోకి చూడకుండా ముద్ద దిగదు. అలాగని తిండిపోతు కాదు. తన కూర సగం తీసి పక్కవాడికి పెట్టే మనిషే. పెట్టిన తర్వాత, అదే కూరను వాడు తనకంటే రుచిగా తింటున్నాడని లోపల్లోపల కుమిలిపోయే మనిషి కూడా.

సౌదీలోని ధహ్రాన్ క్యాంపులో మా పక్క గది మలయాళీ ప్లంబరుకు పంటి చిగురు వాచి కంపెనీ రెండు రోజులు సెలవిచ్చింది. రాజేశం అద్దం ముందు నోరు తెరుచుకుని చాలాసేపు నిలబడ్డాడు. "మనకు దేవుడు పండ్లు గూడ గట్టిగనే ఇచ్చిండు తమ్మీ, ఏం లాభం" అన్నాడు నాతో. ఇక్కడ ఉండటానికి అనుమతి ఇచ్చే కొత్త ఇకామా కార్డులు వచ్చిన రోజు అందరి కార్డులూ అడిగి తీసుకుని ఫోటోలు పోల్చి చూశాడు. "నన్ను దొంగ లెక్క దీసిండు. వాన్ని జూడు, పెండ్లిపిలగాని లెక్క దీసిండు." ఆ 'వాడు' ఎప్పుడూ ఒకడే. పెయింటర్ నాగేందర్.

రాజేశానిది కోరుట్ల దగ్గరి పల్లె. ఇంటి వృత్తి వడ్ల పని, అంటే వడ్రంగం. నాగలి నుంచి దర్వాజా దాకా, దర్వాజా నుంచి పోతరాజు బొమ్మ దాకా తాతతండ్రుల నుంచి చేస్తున్న ఇల్లు. ఇక్కడ చమురు కంపెనీ ఇంజనీర్లుండే కాలనీలో మరమ్మతుల షెడ్డు అతనిది. గోడకు ప్రతి పనిముట్టూ తగిలించే చోట దాని ఆకారం పెన్సిలుతో గీసి ఉంటుంది. ఉలి తీస్తే ఉలి నీడ మిగులుతుంది. ఆ నీడ మీద ఇంకొకరి ఉలి తగిలించినా ఒప్పుకోడు. నాగేందర్ రాజేశం పల్లెకు రెండు మైళ్ళ అవతలి ఊరివాడు. ముప్పై అయిదు దాటలేదు. రాజేశాన్ని "కాకా" అని పిలుస్తాడు. ఆ పిలుపు కూడా కొంచెం ఎక్కువ గౌరవంగా ఉందనీ, తనను ముసలివాణ్ణి చేయడానికే అలా పిలుస్తున్నాడనీ రాజేశం అనుమానం.

అది లెవీలు పెరిగిన సంవత్సరం. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాకాత్ లెక్కలో మా కాంట్రాక్టరు పచ్చ నుంచి పసుపుకు జారాడు, ఎరుపు అంచున కాళ్ళు ఊపుతున్నాడు. దానికి తోడు పరదేశి తలకింత అని లెవీ. ఒక ఉదయం మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచాడు. నేను టైమ్ కీపర్ని, నాలుగు ముక్కల ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కాబట్టి చెడ్డ వార్తలు చెప్పే పని నాదే. వడ్రంగి పనీ పెయింటు పనీ ఇకమీదట ఒక్కడే చేయాలి, రెండోవాడు హఫర్ అల్ బాతిన్ సైటుకు వెళ్ళాలి. ఎవరు ఉండాలో కాలనీ మరమ్మతులు చూసే కార్ల్ సార్ చెబుతాడు.

హఫర్‌లో ఉన్నది సెంట్రింగ్ పని. కాంక్రీటు పోయడానికి గరుకు చెక్కలు కొట్టడం, కాంక్రీటు గట్టిపడ్డాక ఊడబీకడం. రాజేశం సంగతి విని చేతిలో ఉన్న ఉలిని గోడ మీది దాని నీడలో తగిలించాడు.

"గంతేనా తమ్మీ. నా పని మల్ల నేనే పీకేసుకోవాల్నా" అన్నాడు.

కార్ల్ సార్ అమెరికావాడు. ప్రతి సెప్టెంబరుకూ సెలవు పెట్టి వాళ్ళ కొండల్లోకి విల్లు పట్టుకుని ఎల్క్ వేటకు పోతాడు. ఎల్క్ అంటే మన కణుజు దుప్పి లాంటిదే, కాని గుర్రమంత ఎత్తు, తల మీద చెట్టంత కొమ్ములు. ఆ ఏడు కాలనీలో కొత్తవాళ్ళకు విలువిద్య నేర్పుతానని ఫుట్‌బాల్ మైదానం అవతల ఒక బయలు అడిగి తీసుకున్నాడు. బాణాలు ఏరడానికి నాగేందర్ని పిలిచాడు. ఏరేవాడు ఏరుతూ ఉంటే ఒకరోజు విల్లు చేతికిచ్చి చూశాడు. ఇంకేముంది.

ఆ విల్లు మన బొమ్మల్లో విల్లులా ఉండదు. రెండు కొసలకూ చిన్న గిరకలు, వాటి మీదుగా తాళ్ళు. కార్ల్ సార్ చెప్పేది నేను తెలుగులో చెప్పేవాణ్ణి. తాడు లాగి బొటనవేలి కణుపు దవడకు, రోజూ అదే చోట ఆనించాలి. తాడు వదిలే మీటను వేలితో గుంజకూడదు, ఊపిరి సగం వదిలి మెల్లగా నొక్కాలి. కొమ్ముల వైపు చూడకూడదు, కొమ్ములు చూసినవాడి బాణం కొమ్ములకే పోతుంది. జంతువు అడ్డంగా నిలబడినప్పుడు ముందుకాలి వెనక, అరచెయ్యంత జాగా, అందులో ఒక్క వెంట్రుకను చూసుకోవాలి. నాగేందర్‌ది చిన్నప్పుడు ఉండేలుతో పిట్టలను కొట్టిన చెయ్యి. వారం తిరిగేసరికి బాణాలు పక్కపక్కనే పడుతున్నాయి.

రాజేశం కంచె అవతల కళ్ళద్దాలు సవరించుకుంటూ నిలబడి చూసేవాడు. "కండ్లద్దాలు లేనోనికి అన్నీ కనవడ్తయి" అనేవాడు. ఒక సాయంత్రం కార్ల్ సార్ అతణ్ణి కూడా రమ్మన్నాడు. రాజేశం మోచేయి లోపలికి తిప్పి విల్లు పట్టుకున్నాడు. అలా పట్టకూడదని నేను చెప్పేలోగా తాడు వదిలాడు. అది చేతి లోపలి వైపును చాకలి గుడ్డ బాదినట్టు బాదింది. బాణం ఎటు పోయిందో నేటికీ తెలియదు. మర్నాటికి చెయ్యి వంకాయ రంగు తేలింది. గదిలో అందరితో పలక జారి పడిందని చెప్పాడు. మూడో రోజు నాగేందర్ ఆవాల నూనె సీసా పట్టుకొచ్చి, "కాకా, తాడు దెబ్బకు గిది మంచిగ వనికొస్తది" అన్నాడు మా అందరి ముందూ.

ఆ నూనె రాసుకుంటూనే రాజేశం తన ఉపాయం నాతో చెప్పాడు.

"కొట్టుడు ఎవ్వడైన కొడ్తడు తమ్మీ. కొట్టెతందుకు జంతువు గావాలె గద. అది నేను జేస్త. కార్ల్ సార్‌కు చెప్పు."

కార్ల్ సార్‌కు అప్పటిదాకా ఉన్నవి గడ్డి మూటలే. సంతోషంగా నాలుగు ఫోటోలిచ్చాడు. రాజేశం పార్సిల్ పెట్టెల కర్రతో చట్రం కట్టాడు. దాని మీద ఫోమ్ పలకలు పొరలు పొరలుగా అతికించి, రంపంతో, కత్తితో చెక్కుకుంటూ పోయాడు. తోక దగ్గర మాత్రం ఫోటో సరిగా చూడలేదు, బర్రెకున్నంత తోక పెట్టాడు. కార్ల్ సార్ నవ్వి, బొటనవేలు చూపించి ఇంతే ఉంటుందన్నాడు. "గంత జంతువుకు గింత తోకనా, ఈగలు ఎట్ల కొట్టుకుంటది" అని జాలిపడుతూ కోశాడు. కొమ్ములు మాత్రం చూసి తీరాలి. పాత బీరువా ప్లైవుడ్డును తడిపి వంచి, ఒక్కో కొమ్ముకు ఆరు కొనలు తీశాడు. షెడ్డు ముందు దాన్ని నిలబెడితే కాలనీ పిల్లల సైకిళ్ళు ఆగిపోయాయి.

అన్నీ ఉన్నాయి, కళ్ళు లేవు.

"కళ్ళెక్కడ?" అని అడిగాడు కార్ల్ సార్.

"కండ్లు వెట్టను" అన్నాడు రాజేశం.

నేను వివరంగా చెప్పవలసి వచ్చింది. వాళ్ళ ఇళ్ళల్లో పోతరాజును చెక్కినా, పిల్లల ఆటగుర్రాన్ని చెక్కినా కళ్ళు అన్నిటికంటే చివర తెరిపిస్తారు. అప్పటిదాకా అది కర్ర. కళ్ళు తెరిచాక దాని మీద ఉలి పెట్టరు, సుత్తి పెట్టరు, చెయ్యెత్తరు. కొట్టడానికి చేసిన బొమ్మకు కళ్ళు పెట్టడం వాళ్ళ చేతి లక్షణం కాదు. కార్ల్ సార్ తల ఊపాడు. బాణం పోవలసింది కంట్లోకి కాదు కాబట్టి పర్వాలేదన్నాడు.

రంగు వేయడానికి నాగేందర్ వచ్చాడు. ఒళ్ళంతా లేత గోధుమ రంగు, మెడకు ముదురు మట్టి రంగు, స్పాంజితో అద్ది వెంట్రుకల్లా తేల్చాడు. చాలా బాగా వేశాడు, అదే వచ్చిన చిక్కు. మర్నాటి నుంచి కాలనీలో అందరూ దాన్ని నాగేందర్ ఎల్క్ అనడం మొదలుపెట్టారు.

"సున్నం గొట్టినోనికి ఇల్లు రాసిచ్చుడేంది" అన్నాడు రాజేశం. ఆ రోజు అన్నం తినలేదు. నాగేందర్ తిన్నాడా లేదా అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

వేసవి ఎండలు ముదరకముందే, ఒక శుక్రవారం సాయంత్రం క్లబ్బు మొదలుపెడదామన్నారు. కాలనీవాళ్ళంతా వస్తారు. మొదటి బాణం నాగేందర్ వేస్తాడని కార్ల్ సార్ ప్రకటించాడు. ఎవరు ఇక్కడ ఉండాలో ఆ సాయంత్రమే మా ముదీర్‌కు చెబుతాడట. ఈ మాటలు రాజేశానికి తెలుగులో చెప్పింది నేనే. విని, కొమ్ముల మీద లేని దుమ్ము తుడిచాడు.

శుక్రవారం నమాజు వేళ కాలనీ అంతా నిద్రపోయినట్టుండగా నేను షెడ్డుకు వెళ్ళాను. వార్నిష్ వాసన. ఎల్క్ ముఖం మీద బనియను గుడ్డ కప్పి ఉంది. రాజేశం సన్న కుంచె కడుగుతున్నాడు.

"ఏంజేసినవే" అన్నాను.

"ఏం జెయ్యలే. దుమ్ము వడుతదని కప్పిన."

నేను గుడ్డ ఎత్తి చూశాను. చూసి వెంటనే దించేశాను. ఒకరి ఇంట్లోకి చెప్పకుండా వెళ్ళినట్టనిపించింది. రెండు గుండ్రటి కర్ర బిళ్ళలు, నల్లటి వార్నిష్, ప్రతి నలుపులోనూ సూది మొనంత తెల్ల చుక్క. ఆ చుక్కల వల్ల అది నన్ను చూసింది.

"కొట్టెతందుకు చేసినదానికి కండ్లు వెట్టనంటివి గద."

"వాడు కొట్టడు" అన్నాడు రాజేశం. "వాన్ది మా దిక్కు ఊరే. అమెరికోడైతే కొడ్తడు, వాడెట్ల కొడ్తడు? అందరి ముందట విల్లు దించుతడు. సూద్దాం, గప్పుడెవ్వనికి జెప్తడో కార్ల్ సారు."

తప్పు చేస్తున్నానన్న బెరుకు ఆ ముఖంలో కొంచెం ఉంది. కళ్ళు బాగా కుదిరాయన్న గర్వం దానికంటే ఎక్కువ ఉంది.

సాయంత్రం జనం కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. దూరంగా ఎల్క్ అడ్డంగా నిలబడి, మెడ మాత్రం ఇటు తిప్పి ఉంది. రాజేశమే వెళ్ళి గుడ్డ లాగాడు. చప్పట్లు. నాగేందర్ గీత మీద నిలబడి తాడు లాగాడు. కణుపు దవడకు ఆనింది. చూపు ముందుకాలి వెనక్కు వెళ్ళి, అక్కడినుంచి పైకి పోయి ఆగింది. పోయిన చూపు తిరిగి కిందికి రాలేదు. నా పక్కన రాజేశం మునివేళ్ళ మీద లేచాడు.

నాగేందర్ బాణం వదలలేదు. పళ్ళు బిగించి, లాగిన తాడును అలాగే పట్టుకుని, అంగుళం అంగుళం ముందుకు పోనిచ్చి, విల్లు నేలవైపు దించాడు.

కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో నవ్వారు. "అయిపాయె" అన్నాడు రాజేశం, నాకు మాత్రమే వినపడేట్టు. ఆ మాట ప్రసాదం నోట్లో వేసుకున్నంత తియ్యగా అన్నాడు.

కార్ల్ సార్ నాగేందర్ దగ్గరికి నడిచాడు. ఎందుకు ఆపావని అడుగుతాడనుకుని, ఏం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఆయన ఏమీ అడగలేదు. నాగేందర్ భుజం మీద చెయ్యి వేసి జనం వైపు తిరిగాడు. మా దేశంలో ఇన్నేళ్ళుగా కొత్తవాళ్ళకు వేట నేర్పుతున్నాను అన్నాడు. బాణం వదలడం ఎవరైనా వారంలో నేర్చుకుంటారు. పూర్తిగా లాగిన తాడును, ఇంతమంది చూస్తుండగా, వదలకుండా వెనక్కి దించడం నేర్పితే వచ్చేది కాదు. ఎల్క్ మనల్ని చూస్తున్నప్పుడు బాణం వేయకూడదు, తాడు చప్పుడుకే ఎగిరిపోతుంది, గాయంతో అడవిలో తిరుగుతుంది. ఈ మనిషికి అది ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నా షెడ్డులో నాకిలాంటి చెయ్యే కావాలి.

ఈసారి చప్పట్లు ముందటికంటే గట్టిగా మోగాయి. రాజేశం కూడా కొట్టాడు. కొట్టకపోతే బాగుండదని.

"ఏమన్నడు?" అని అడిగాడు నన్ను. అన్నీ చెప్పాను. ఒక్క మాటా దాచలేదు. దాచి ఉండవలసిందేమో.

హఫర్ వ్యాను బయలుదేరే పొద్దున నాగేందర్ వచ్చాడు. రాజేశం పెట్టె ఎత్తి వ్యానులో పెట్టి, దిగి అతను కూర్చున్న కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"కాకా, కండ్లు నువ్వే వెట్టినవని నాకెర్క. గట్ల తెల్ల సుక్క వెట్టేటోడు ఈ దేశంల ఇంకెవ్వడున్నడు. నేను కార్ల్ సార్‌కు జెప్పలే. నా నోట్లకెల్లి రాదు, ఫికర్ జెయ్యకు."

రాజేశం ముఖం ఎర్రబడింది. సిగ్గుతో అనుకున్నాను.

"ఎందుకు జెప్పలే?"

"జెప్తె నీకే మాట వస్తది గదనే."

"వస్తె రానీ. జంతువు నీదన్నరు, బాణం నీదన్నరు, ఆఖరికి కండ్లు గూడ నీ ఖాతలనే వడ్తయి. దాస్తవారా నా పనితనం? పో. పోయి జెప్పు, కండ్లు రాజేశం వెట్టిండని జెప్పు."

వ్యాను కదిలింది. నాగేందర్ తల గోక్కుంటూ నిలబడ్డాడు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని నిజంగానే కార్ల్ సార్ దగ్గరికి వెళ్ళాడు. నేను చెప్పాను, ఎందుకు పెట్టాడో కూడా చెప్పాను. కార్ల్ సార్ నవ్వలేదు, కోప్పడలేదు. ఎల్క్ దగ్గరికి నడిచి, వంగి, దాని కళ్ళలోకి చాలాసేపు చూశాడు. తన ఇంటి గోడ మీద నిజం ఎల్క్ తలకు గాజు కళ్ళున్నాయి, ఇవి వాటికంటే బతికి ఉన్నాయి అన్నాడు. దాన్ని ఆ రోజే బాణాల మైదానం నుంచి తీయించి క్లబ్బు గుమ్మం దగ్గర పెట్టించాడు. గడ్డి మూటలు మళ్ళీ వచ్చాయి.

ఆ సాయంత్రం హఫర్‌కు ఫోన్ చేసి రాజేశానికి ఇదంతా చెప్పాను. అటు నుంచి సుత్తి చప్పుళ్ళే వినిపించాయి. ఏడుస్తున్నాడేమోనని, ఏదైనా ఓదార్పు మాట అందామని గొంతు సవరించుకున్నాను.

"తమ్మీ" అన్నాడు. "గాజు కండ్ల ముచ్చట జెప్పినప్పుడు నాగేందర్‌గాడు ఆడనే ఉన్నడా?"

"ఉన్నడు."

"మంచిగ ఇన్నడా?"

"ఇంగ్లీషుల అన్నడు గద. నేను తెలుగుల జెప్పిన."

"ఇంకోపారి జెప్పు వానికి" అన్నాడు రాజేశం. "జెర గట్టిగ జెప్పు."