రబ్బరు దిండ్ల స్టాండు

ఆదివారం పొద్దున తన బండి గొలుసు తానే కడిగి నూనె పెట్టుకోవాలని దర్జీకి ఎన్నాళ్ల సరదానో. బండికి సెంటర్ స్టాండు లేదు కాబట్టి వెనక చక్రాన్ని లేపే స్టాండు కొనాలి. కొట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి చక్రం పక్కన బిగించే బోల్టులను కొక్కేలతో పట్టుకునేది, ఇంకోటి బండిని రబ్బరు దిండ్ల మీద ఊరికే ఆనించేది. మెకానిక్ షెడ్డున్న బావమరిదిని అడిగితే, "కళ్లు మూసుకుని రబ్బరుది తీసుకో బావా" అన్నాడు. సొంతవాడి మాట కదా అని దర్జీ అదే కొన్నాడు.

మొదటి ఆదివారమే బండి జారి పక్కకి పడింది. ట్యాంకు సొట్టపోయింది.

మర్నాడు తన కుట్టు కొట్టుకి పోతూ బావమరిది షెడ్డు దగ్గర ఆగాడు. అక్కడ లేపి ఉన్న మూడు బళ్లూ కొక్కేల స్టాండ్ల మీదే ఉన్నాయి.

"మరి నాకెందుకురా అలా చెప్పావ్?"

బావమరిది సిగ్గన్నది లేకుండా నవ్వేశాడు. "అన్నీ నువ్వే చేసుకుంటే నా షెడ్డుకెవరొస్తారు బావా? ఎలాగూ వచ్చావుగా, కొత్త ప్యాంటు కుట్టాలి, కొలత తీసుకో."

దర్జీ మెడలో వేలాడే టేపు తీసి వాడి నడుం కొలిచాడు. రెండంగుళాలు తక్కువ రాద్దామనుకున్నాడు. ఇరవై ఏళ్లుగా తప్పు కొలత ఎరగని చెయ్యి సరిగ్గా ముప్పై ఆరున్నరే రాసింది. ఆ చెయ్యిని చూసుకుంటే అతనికి ఒళ్లు మరింత మండింది.