మా బావది కిడ్నీ చావు కాదు

మా అక్క మొగుడు, పరాయి దేశాల ఓడలకు వెల్డింగు చేసి బతికిన మా బావ, పోయిన నెల చనిపోయాడు. మలేరియాతో. ఆ మాట ముందే రాస్తున్నాను. ఎందుకంటే ఆయన్ని ఆఫ్రికా పంపిన పలాస ఏజెంటు 'కిడ్నీ పోయి చచ్చాడు' అని చెప్పుకు తిరుగుతున్నాడు. ఇంటింటా కిడ్నీ రోగులున్న మా ఉద్దానంలో ఆ మాటంటే చాలు, ఎవడూ రెండో ప్రశ్న వెయ్యడు. వాడికది బాగా తెలుసు.

బావ మొహానికి అద్దం లేకుండా ఒక్క చుక్క వెల్డింగు వేసేవాడు కాదు. "కన్ను పోనాక కళ్లజోడెందుకురా" అనేవాడు. సెలవుకొస్తే తనే చేపల పులుసు కాచి, ముళ్లు తీసి అక్క కంచంలో వేసేవాడు. అంత జాగ్రత్త మనిషి దోమతెర లేకుండా, ఒక్క మలేరియా బిళ్ల లేకుండా ఎలా వెళ్లాడు?

వెళ్లేముందు టెక్కలిలో డాక్టర్ని అడుగుదామన్నాను. పక్కనే ఉన్న ఏజెంటు నవ్వాడు. "దోమలకి బయమేటి బావా? పలాసలో లేవేటి? ఆ బిళ్లలు మింగితే కిడ్నీలు పోతాయి, సూసుకో."

ఇంకో ఊళ్లో ఆ మాట చెల్లేది కాదు. ఇక్కడ చెల్లింది. బావ నా భుజం తట్టాడు. "మా అన్న ఎలాగ పోనాడో సూసినావు కదరా. కిడ్నీలుంటే సాలు." నేను డాక్టరు మాట మళ్లీ ఎత్తలేదు. ఏజెంటుని క్షమించను, నన్నూ క్షమించుకోను.

ఆఫ్రికా నుంచి తిరిగొచ్చిన పదో రోజున జ్వరం. చలికి మంచం ఊగింది. మేం చేసిందేమిటి? రెండు ఆస్పత్రుల్లో కిడ్నీ పరీక్షలు చేయించాం. రెండు చోట్లా బాగానే ఉందన్నారు. హమ్మయ్య అనుకున్నాం! నాలుగో రోజు టెక్కలిలో ఒక నర్సమ్మ అడిగింది: "ఏ దేశం నుంచి వొచ్చినారు బాబూ?" వేలి నుంచి చుక్క రక్తం తీస్తే మలేరియా అని తేలింది. అప్పటికే మెదడుకెక్కింది. మందు ఎక్కుతుండగానే పోయాడు.

వెళ్లేవాళ్లారా, డాక్టర్ని అడక్కుండా విమానం ఎక్కొద్దు. మీ కిడ్నీల సంగతీ చెప్పండి, దానికి తగ్గ బిళ్లలే ఇస్తారు. తిరిగొచ్చాక కూడా చెప్పినన్నాళ్లూ మింగండి. దోమతెర వదలొద్దు. నెలల తర్వాత జ్వరమొచ్చినా ఆస్పత్రిలో మొదట చెప్పాల్సింది ఆ దేశం పేరు.

పెద్దకర్మకు ఏజెంటు, బావ ఎలా పోయాడో తనే రాసుకున్న కాగితం పట్టుకొచ్చాడు. "ఏలిముద్ర ఎయ్యమ్మా. కిడ్నీ అని రాసీసినాను, నీకేటీ ఇబ్బందుండదు."

అక్క కాగితం చింపేసింది. "నా మొగుడ్ని ఓపాలి సంపినావు సాలదా? మళ్లీ సంపుతావేటి?"

మర్నాడు రక్తపరీక్ష రిపోర్టు నకళ్లతో ఇద్దరం వాడి ఆఫీసుకెళ్లాం. వాడి దుకాణం మూయించేదాకా వెళ్తూనే ఉంటాం. లోపల ఆఫ్రికా వెళ్లడానికి కూర్చున్న మనుషుల చేతుల్లో అక్క తలో కాగితం పెట్టింది.

"ఏటమ్మా ఇది?"

"పలాసలో దోమల్లేవేటి అని మీకూ సెప్పుంటాడు కదా. సదువుకోండి."

ఒకాయన చదివి లేచాడు. బల్ల మీది తన పాస్‌పోర్టు అందుకున్నాడు. రెండో కొస ఏజెంటు పట్టుకున్నాడు, వదల్లేదు. ఆయన లాగుతూనే ఉన్నాడు.